ఒంటి గది గుండె – పెద్దల బాధ్యత
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి మాట్లాడుకునే సభలో పసిపిల్లల గుండె సంగతేమిటని అనుకోవద్దు. నేను డాక్టరును కాను, గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. మా దగ్గరి బంధువుల పాప ఈ లోపంతో పుట్టినప్పుడు డాక్టర్లు చెప్పగా తెలుసుకున్న విషయాలు మనవిచేస్తాను.

మామూలు గుండెలో రక్తాన్ని తోసే గదులు రెండు. కుడిది చెడు రక్తాన్ని ఊపిరితిత్తులకు, ఎడమది మంచి రక్తాన్ని ఒళ్లంతటికీ పంపుతాయి. కొందరు శిశువులకు వీటిలో ఒకటే సరిగా ఎదుగుతుంది. రెండు రక్తాలూ కలిసిపోయి బిడ్డ నీలంగా మారుతుంది. లేని గదిని ఏ డాక్టరూ కట్టలేడు. మరి ఆపరేషనుతో ఏం చేస్తారు?

మన ధవళేశ్వరం సంగతి తీసుకోండి. 1852లో ఆనకట్ట పూర్తయిన నాటినుంచి డెల్టా కాలువల్లో నీరు మోటారు లేకుండానే పల్లానికి పారుతోంది. ఇదీ అలాంటి ఉపాయమే. ఉన్న ఒక్క గదినీ ఒంటికి కేటాయించి, చెడు రక్తం దానంతటదే ఊపిరితిత్తులకు పారేలా దారి మళ్లిస్తారు. 1968లో ఫ్రాన్సులోని బోర్డో నగరంలో ఫ్రాన్సిస్ ఫాంటాన్ అనే సర్జను దీన్ని మొదట చేశారు.

పొలం మెరకగా ఉంటే కాలువ నీరు ఎక్కదు గదా! పుట్టిన బిడ్డ ఊపిరితిత్తుల్లో ఒత్తిడి ఎక్కువ. అందుకే దశలవారీగా చేస్తారు. అవసరమైతే పుట్టిన కొద్ది రోజులకే మొదటిది, సుమారు 4–6 నెలలకు పైభాగపు రక్తాన్ని మళ్లించే గ్లెన్, రెండేళ్లు దాటాక కిందిభాగానికి ఫాంటాన్. ఎడమ గది ఎదగని బిడ్డకు మొదటి దశే గండం. 1980ల ఆరంభంలో అమెరికాలో నార్వుడ్ దానికి మార్గం చూపారు. నేటికీ మన దేశంలో కొద్ది ఆస్పత్రులే దానికి పూనుకుంటాయి.

గ్లెన్ అయ్యాక మా పాప చక్కగా తేరుకుంది. "బాగానే ఆడుకుంటోంది, ఆడపిల్లకు మళ్లీ కోత ఎందుకు?" అన్నది తల్లిదండ్రులు కాదు, ఇంట్లో పెద్దలు. కానీ బిడ్డ ఎదిగేకొద్దీ గ్లెన్ ఒక్కటే చాలదు, మళ్లీ నీలం పెరుగుతుంది. తల్లి పట్టుబట్టి మూడోది చేయించింది. ఇప్పుడా పాప బడికి నడిచి వెళుతోంది.

కాబట్టి నా విన్నపాలు నాలుగు. పురిటి బిడ్డను ఇంటికి తెచ్చేముందు కుడిచేతికీ, కాలికీ ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెట్టి చూడమనండి. 95 కంటే తక్కువైతే గుండె పరీక్ష అడగండి. డబ్బుకు భయపడి ఆగవద్దు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం నేడు ఎన్టీఆర్ వైద్య సేవగా ఉంది, ఏ దశకు వర్తిస్తుందో ఆస్పత్రిలో విచారించండి. పుట్టపర్తిలో 1991 నుంచి సత్యసాయి ఆస్పత్రి, తిరుపతిలో 2021 నుంచి పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ఉన్నాయి. మూడోది, ఫాంటానుతో పని అయిపోదు. గుండె, కాలేయ పరీక్షలు జీవితాంతం ఉండాలి.

చివరిది ముఖ్యమైనది. అందరు బిడ్డలూ దక్కరు. గ్రహణం చూసిందనో, పథ్యం చేయలేదనో కోడలిని అనవద్దు. ఆ తల్లి అప్పటికే కుమిలిపోతూ ఉంటుంది. మన మాట ఆమెకు ఆసరా కావాలి.