ఉపాధ్యాయుల కూటమిలో రూపొందే పాఠం
(ప్రసంగ పాఠం)



పాఠం పుస్తకంలో ముద్రితమై ఉంటుందనీ, దానిని అప్పగించడమే ఉపాధ్యాయుని విధి అనీ చాలామంది విశ్వాసం. ఆ విశ్వాసాన్ని ప్రశ్నించిన ప్రయోగం ఒకటి 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో, అంటే నేటి నర్మదాపురం జిల్లాలో, 16 మాధ్యమిక పాఠశాలల్లో ఆరంభమైంది. రెండు స్వచ్ఛంద సంస్థలు రాష్ట్ర ప్రభుత్వ అనుమతితో అందుకు పూనుకొన్నాయి. విశ్వవిద్యాలయాల శాస్త్రజ్ఞులు తోడ్పడ్డారు. 1978లో అది జిల్లా అంతటికీ విస్తరించింది.

పిల్లలు స్వహస్తాలతో ప్రయోగాలు చేసి విజ్ఞానశాస్త్రం నేర్వడం దాని ధ్యేయం. అయితే దాని జీవనాడి ఉపాధ్యాయుల నెలసరి సమావేశం. గడచిన నెలలో ఏ పాఠం తడబడిందో అక్కడ నిస్సంకోచంగా చెప్పుకొనేవారు. రాబోయే పాఠానికి కలిసి సిద్ధమయ్యేవారు.

ఇట్టి కూటమి అవసరమేమిటో ఒక ఆకు చెప్పగలదు. మామిడి ఆకులో ఈనెలు వలవలె అల్లుకొని ఉంటాయి. ఆ చెట్టుకు తల్లివేరు ఉంటుంది. జొన్న ఆకులో ఈనెలు సమాంతరంగా సాగుతాయి. ఆ మొక్కకు గుబురు వేళ్లుంటాయి. ఇంతలో ఒక బాలిక చేమ ఆకు తెచ్చిందనుకొందాం. ఈనెలు వల వంటివే, వేళ్లు మాత్రం గుబురువి! ఒంటరి ఉపాధ్యాయుడు ఆ ఆకును పక్కన పడవేయవచ్చు. సహచరుల అండ ఉన్నవాడు “నాకూ తెలియదు, కలిసి పరిశీలిద్దాం” అనగలడు. నియమంతోపాటు అపవాదమూ అప్పుడే పాఠంలో చేరుతుంది.

ఆ కూటమిలో చిత్రలేఖనోపాధ్యాయుడు, భాషోపాధ్యాయుడు కూడా ఉంటే పాఠం మరింత పరిపుష్టమవుతుంది. ఈనెను గీయబోయిన చేయి, కన్ను విడిచిన దానిని పట్టుకొంటుంది. చూచినదానిని సొంత మాటల్లో వ్రాసిన బాలుడు, ఊహించిన దానికీ చూచిన దానికీ భేదం గ్రహిస్తాడు. కళ ఇక్కడ విజ్ఞానానికి అలంకారం కాదు, పరిశీలనకు సాధనం.

2002లో రాష్ట్ర ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని నిలిపివేసింది. ముప్పై ఏళ్ల కృషి అయినా ఒక ఉత్తరువుతో ఆగిపోగలదన్నది చేదు నిజం. కాని నలుగురు ఉపాధ్యాయులు నెలకొక సాయంత్రం ఒకచోట కూర్చొని, తమ పొరపాట్లను తామే విప్పి చెప్పుకొనడానికి ఏ ఉత్తరువూ అక్కరలేదు. కావలసినది పరస్పర విశ్వాసం, ఒక బల్ల, దానిపై ఒక చేమ ఆకు.