పత్రములోని మైలేజి, దారిలోని మైలేజి

పెద్దకారు కొన్నవారు పెట్రోలు లెక్క చూడరని లోకములో ఒక మాట కలదు. అది నిజము కాదు. విశాఖపట్నమున గాజువాక ప్రక్కనున్న ఆటోనగరునకు పోయి, కార్లు బాగుచేయు షెడ్డులలో కొంతసేపు కూర్చున్నవారికి ఆ సంగతి తెలియును. లక్షల వెలగల సెడాను కారు తెచ్చిన యజమాని మెకానిక్కును అడుగు మొదటి ప్రశ్నలలో మైలేజి ప్రశ్న తప్పక యుండును. "కంపెనీవారు లీటరుకు పదునైదు కిలోమీటర్లన్నారు, నాకు ఎనిమిదియైన వచ్చుట లేదు" అని మొదలుపెట్టును. ఇంజనులో లోపమేమియు కానరానప్పుడు సంభాషణ మెల్లగా వేరొక దిక్కునకు తిరుగును. యజమాని గొంతు తగ్గించి, బయట నిలిచియున్న డ్రైవరువైపు చూచును. వీడు పెట్రోలు తీయుచున్నాడేమోయని అనుమానము.

ఆ అనుమానమే నేటి నా ప్రసంగమునకు విషయము. నెలజీతముపై కారు నడుపు మనిషికి ఉద్యోగము పోవుట ఒక ఎత్తు, దొంగయను పేరుతో పోవుట మరియొక ఎత్తు. పెట్రోలు తీయు డ్రైవర్లు లేనే లేరని నేననను. కాని, ఒక అంకెను తప్పుగా చదివి మనిషిపై నింద మోపుట న్యాయము కాదు. కావున ఆ పదునైదు అను అంకె ఎక్కడ పుట్టినదో ముందుగా చూతము.

మన దేశమున క్రొత్తరకపు కారు అమ్మకమునకు రాకపూర్వము పుణెలోని ఏఆర్‌ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ వంటి సంస్థలలో పరీక్షింపబడును. కారు అక్కడ రోడ్డుపై పరుగెత్తదు. ఉన్నచోటనే నిలిచియుండ, చక్రములు రోలర్లపై తిరుగును. గాలివలనను బరువువలనను రోడ్డుపై కలుగు నిరోధమును ఆ రోలర్లే కల్పించును. ఏ సెకనున ఎంత వేగముతో నడుపవలెనో ముందే నిర్ణయింపబడియుండును. మొత్తము పరీక్షకు పట్టు కాలము 1,180 సెకనులు, అనగా ఇరువది నిమిషములకు కొంచెము తక్కువ. దూరము 11 కిలోమీటర్లకు లోపు. గరిష్ఠవేగము గంటకు 90 కిలోమీటర్లు, అదియు కొద్ది క్షణములే. ఏసీ ఆపివేయబడియుండును. అడ్డువచ్చు ఆవు లేదు, ఎదురు లారీ లేదు. మరియొక చిత్రము: ఖర్చైన పెట్రోలును కొలపాత్రతో కొలువరు, వెనుక గొట్టమునుండి వెడలు వాయువులలోని కర్బనమును లెక్కగట్టి, దానినుండి పెట్రోలును గణింతురు.

ఇది మోసపు పరీక్ష కాదు. రెండు కార్లను ఒకే త్రాసులో తూచుటకై ఏర్పడినది, ఆ పనిని చక్కగానే చేయుచున్నది. గాజువాకలో మీ కారు ఎంత ఇచ్చునో చెప్పుట దాని పని కానే కాదు. మన పరీక్షకు మూలమైన పాత పద్ధతిని ఐరోపావారు 2017 నుండి విడనాడిరి. వారి క్రొత్త పద్ధతిలో కారు అరగంటసేపు 23 కిలోమీటర్లు నడచును, వేగము 131 వరకు పోవును. పత్రములోని అంకెకును దారిలోని అంకెకును దూరము మరీ పెరిగినదని వారికి తోచుటయే ఆ మార్పునకు ముఖ్యకారణము. మన దేశమునను 2023 ఏప్రిలు నుండి కార్లను రోడ్డుపై నడిపి చూచు పరీక్ష వచ్చినది కాని, అది పొగలోని విషములను కొలుచుటకే. మైలేజి కొరకు కాదు.

ఇక మన త్రోవకు వత్తము. ఆటోనగరునుండి బయలుదేరి షీలానగరు, విమానాశ్రయము, ఎన్.ఏ.డి. కూడలి మీదుగా నగరములోనికి పోవు కారు ఓడరేవు లారీలనడుమను, ఉక్కు కర్మాగారపు బండ్లనడుమను ఎన్నిమారులు ఆగి సాగవలెనో ఆ దారిన పోవువారందరు ఎరుగుదురు. ఇంచుమించు 1,700 కిలోల బరువుగల సెడానును నిలుపునుండి గంటకు 50 కిలోమీటర్ల వేగమునకు తెచ్చుటకు సుమారు 20 మిల్లీలీటర్ల పెట్రోలు పట్టును. బ్రేకు త్రొక్కగానే ఆ శక్తి యంతయు వేడియై గాలిలో కలిసిపోవును. ముప్పదిమారులు ఆగిన కారు అర లీటరుకు పైగా బ్రేకులకు సమర్పించుకొన్నదన్నమాట. చిన్నకారున కీ నష్టము ఇందులో సగమే. తోలు సీట్లు, చప్పుడు రానీయని దళసరి తలుపులు, పెద్ద చక్రములు—సుఖమని మనము కొనునదంతయు బరువే.

అయినను యజమానులు లెక్కలో చేర్చనే చేర్చని పద్దు వేరొకటి కలదు; అది వేచియుండుట. అయ్యగారు సమావేశములో నుందురు. వారు తిరిగి వచ్చునప్పటికి కారు చల్లగా ఉండవలెను. విశాఖ ఉక్కపోతలో, సముద్రపు తేమ గాలిలో, నల్లని కారు ఎండలో నిలిచిన లోపల ఎట్లుండునో చెప్పనక్కరలేదు. డ్రైవరు ఇంజనును, ఏసీని నడచుచుండనిచ్చును. రెండు లీటర్ల పెట్రోలు ఇంజను ఇట్లు ఊరక తిరుగుచున్నను గంటకు సుమారు ఒక లీటరు త్రాగును. ఆ సమయమున కిలోమీటర్ల అంకె ఒక్కటియు కదలదు.

ఒక దినపు లెక్కను ఉదాహరణగా వేసి చూతము. తిరిగిన దూరము 30 కిలోమీటర్లు. నగరపు రద్దీలో లీటరుకు 10 చొప్పున 3 లీటర్లు. అరగంట చొప్పున రెండుమారులు వేచియుండుటకు 1 లీటరు. మొత్తము 4 లీటర్లు, మైలేజి ఏడున్నర. యజమాని పత్రములోని పదునైదుతో భాగించి 2 లీటర్లే కావలెననును. దినమునకు 2 లీటర్ల తేడా, నెలకు పని దినములు ఇరువదియైదు, వెరసి 50 లీటర్లు దొంగిలింపబడినట్లు కాగితముపై తేలును. అందులో ఒక్క చుక్కయు ఎవ్వరును తీయలేదు. సగము తన ఆజ్ఞచొప్పుననే చల్లగాలియై పోయినది. తక్కిన సగము రద్దీలో పోయినది.

హైబ్రిడ్ కారులో ఈ కథ కొంత మారును. 2024 డిసెంబరులో మన దేశమున విడుదలైన టొయోటా కామ్రీకి పత్రములోని మైలేజి 25.49. అంత పెద్ద కారునకు అది ఆశ్చర్యకరమైన అంకెయే. బ్రేకు వేసినప్పుడు పోవు శక్తిలో కొంత విద్యుత్తై బ్యాటరీకి చేరును. ఆగియున్నప్పుడు ఇంజను చాలవరకు నిద్రించును, ఏసీ విద్యుత్తుతోనే నడచును. నగరములో దీని లాభము మెండు. అనకాపల్లి వైపు జాతీయరహదారిపై నూరు దాటిన వేగముతో పోవునప్పుడు ఆ లాభము తగ్గిపోవును. ఏలయన, అక్కడ బ్రేకులతో పని స్వల్పము, పోరు గాలితో. గాలి నిరోధము వేగపు వర్గమును బట్టి పెరుగును: 90 నుండి 120కి పోయినచో ఇంచుమించు ఒకటికి ఒకటిముప్పావు అగును. నెమ్మదిగా పొమ్మని డ్రైవరునకు చెప్పక, విమానము తప్పిపోవునని తొందరపెట్టువారు ఈ ముప్పావును తమ ఖాతాలోనే వ్రాసికొనవలెను.

సెలవులకు అరకు పోవువారి లెక్క వేరు. సముద్రమట్టమునుండి సుమారు 900 మీటర్ల ఎత్తునకు, మనుషులతోకూడ రెండువేల కిలోలైన కారును మోసికొనిపోవుటకే రెండు లీటర్లకు పైబడి కావలెను; దారి దూరమునకు కావలసినది అదనము. దిగునప్పుడు కొంత తిరిగి వచ్చును గాని అంతయు రాదు. హైబ్రిడ్ కారు బ్యాటరీ సైతము చిన్నది. అనంతగిరి మలుపులలో కొంతదూరము దిగునప్పటికే నిండిపోవును.

పెట్రోలే మారిన సంగతియు మరువరాదు. మల్కాపురమున 1957లో కాల్టెక్సువారు తెరచిన శుద్ధికర్మాగారము నేడు హిందుస్తాన్ పెట్రోలియమువారిది. ఆటోనగరునకు అది ఇరుగుపొరుగే. కాని పంపులో మనకు దొరకునది కేవలము పెట్రోలు కాదు. 2025 నాటికి దేశమున అందు ఇథనాలు నూటికి 20 పాళ్లకు చేరినది. లీటరు ఇథనాలులో శక్తి పెట్రోలుకంటె మూడవవంతు తక్కువ. పాత కార్లలో మైలేజి నూటికి ఆరేడు పాళ్లు, ఈ మిశ్రమమునకై సవరింపబడిన కార్లలో ఒకటి రెండు పాళ్లు తగ్గవచ్చునని నీతి ఆయోగు 2021లోనే అంచనా వేసినది. ఐదేండ్ల క్రిందటి నోటుపుస్తకము చూపి "అప్పుడు వచ్చినది, ఇప్పుడేల రాదు?" అని డ్రైవరును నిలదీయుటకు ముందు ఈ తగ్గింపు తీసివేయవలెను.

అయినచో నిజమైన మైలేజిని కనుగొనుటెట్లు? కారు ముందున్న తెరపై కనబడు అంకె తరచు కొంత ఉదారముగా నుండును. ఐదువందల రూపాయల పెట్రోలు పోయించి చూచు పద్ధతి అంతకంటె చెడ్డది. ట్యాంకు నింపునప్పుడు ఒక లీటరు అటునిటు అగుట సహజము. 5 లీటర్ల కొలతలో ఒక లీటరు తప్పు నూటికి ఇరువది. 40 లీటర్ల కొలతలో రెండున్నర మాత్రమే. అందుచే ట్యాంకు నిండుగ పోయించి, గన్ను తనంతట తాను ఆగిన మొదటి చోటనే నిలిపి, కిలోమీటర్లు వ్రాసికొనవలెను. ట్యాంకు అడుగంటువరకు తిరిగి, అదే పంపులో మరల అట్లే నింపవలెను. ఇట్లు మూడు నాలుగు ట్యాంకులు చూచి సగటు తీసిననేకాని అంకెను నమ్మరాదు.

కారులో ఒక చిన్న పుస్తకముంచి తేదీ, కిలోమీటర్లు, లీటర్లు, రశీదు సంఖ్య వ్రాయించుట మంచిది. వీనితోపాటు వేచియున్న నిమిషములకు ఒక గడి గీయవలెను; ఆ గడి నింపు అధికారము డ్రైవరునకే ఉండవలెను. త్రోవ మారక, వేచియుండుట పెరగక, అంకె హఠాత్తుగా పడినచో అప్పుడు ప్రశ్నింపవచ్చును. అప్పుడైనను మొదట టైర్లలో గాలి చూపించి, బ్రేకులు పట్టుకొనుచున్నవేమో ఆటోనగరులో పరీక్షింపజేయవలెను. అటుపిమ్మటను అనుమానము తీరని యజమాని ఒక ట్యాంకు పెట్రోలు తానే నడిపి చూడవలెను. ఆ దినములలో డ్రైవరు ప్రక్క సీటున కూర్చుండి పుస్తకము వ్రాయును.