ట్రిమ్ చూసుకుంటే బోటు మాట వింటుంది

రెండు అవుట్‌బోర్డ్ ఇంజన్ల బోటు నీళ్ల మీద ఎగిరెగిరి పడుతోందా? స్టీరింగ్ బరువెక్కిందా? ఇంజన్‌ను తప్పుపట్టే ముందు ట్రిమ్ చూడండి. ట్రిమ్ అంటే ఇంజన్ వంపు, అంతే.

బయలుదేరేటప్పుడు రెండు ఇంజన్లనూ పూర్తిగా లోపలికి దించండి. బోటు నీటిపైకి లేచి జోరందుకున్నాక, ట్రిమ్ బటన్ కొద్దికొద్దిగా నొక్కుతూ లేపండి. బోటు ముక్కు తేలికపడుతుంది, వేగం పెరుగుతుంది. అదే ముక్కు పైకీ కిందికీ ఊగడం మొదలైతే, ఎక్కువ లేపినట్టే. కాస్త దించండి. ఇంజన్ రొద పెరిగినా వేగం పెరగట్లేదా? ప్రొపెల్లర్ గాలి పీలుస్తోంది. అప్పుడూ దించాలి. ముక్కు నీళ్లను దున్నుతుంటే మాత్రం లేపాలి.

బోటు ఒక పక్కకే ఒరుగుతోందా? ముందు మనుషుల్నీ సామాన్నీ సర్దండి. తర్వాత రెండు ఇంజన్ల వంపూ సమానంగా ఉందో లేదో చూడండి. ట్రిమ్ మీటరు ముల్లును ఒక్కదాన్నే నమ్మొద్దు. బోటు ఒడ్డున కట్టి, వెనక నిలబడి, కంటితో పోల్చండి. చాలామంది వదిలేసేది ఇదే.

వెనక నుంచి అలలు తరుముతుంటే ముక్కు దించి నడపకండి. అది నీళ్లలో గుచ్చుకుంటే బోటు అడ్డం తిరగొచ్చు. ట్రిమ్ మార్చేటప్పుడు అందరినీ కూర్చోబెట్టండి. కిల్ స్విచ్ తాడు ఒంటికి తగిలించుకునే ఇంజన్ స్టార్ట్ చేయండి.