టీ గదిలో పది నిమిషాలు



ఈ రోజు మన ప్రయోగశాల ఒక టీ గది. అందులో నాలుగు బల్లలు, ఇంట్లో చేసి తెచ్చిన తినుబండారాలు, అష్టాచెమ్మా పటం, పులిజూదం పటం, గుప్పెడు గవ్వలు ఉన్నాయి. ఈ గది గుజరాత్‌లోని సూరత్‌లో, వడోద్ ప్రాంతంలో ఉందని ఊహించుకోండి. సూరత్‌నే ఎందుకు ఎంచుకున్నానంటే, దానికి రెండు కారణాలున్నాయి.

మొదటిది చరిత్ర. 1638లో మాండెల్‌స్లో అనే జర్మన్ యాత్రికుడు సూరత్‌లో ఉన్నాడు. అక్కడి ఆంగ్లేయ వర్తకులు రోజూ ఒకచోట చేరి టీ తాగేవారని ఆయన రాశాడు. 1689లో సూరత్‌కు బయలుదేరిన జాన్ ఓవింగ్టన్ అనే మతాధికారి, 1699లో టీ గురించి ఒక పుస్తకమే ప్రచురించాడు. అస్సాం టీ లండన్ వేలంలో మొదటిసారి అమ్ముడుపోయింది 1839లో. అంటే మన దేశంలో టీ తోటల వ్యాపారం మొదలు కావడానికి సుమారు రెండు వందల ఏళ్ళ ముందే, సూరత్‌లో నలుగురు కూర్చుని టీ తాగే అలవాటు ఉందన్నమాట.

రెండవది మనవాళ్ళు. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్ళిన చేనేత కుటుంబాలు, ముఖ్యంగా పద్మశాలీలు, చాలా ఏళ్ళుగా సూరత్ మరమగ్గాల మీద పని చేస్తున్నారు. అక్కడ 12 గంటల షిఫ్టు మామూలు విషయం. కొద్దిపాటి విరామం దొరకగానే, పొగలు కక్కే టీని గుటగుటా తాగి మళ్ళీ మగ్గం దగ్గరకు పరుగెత్తాలి. ఈ తొందరలో ఒక ప్రమాదం ఉంది. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం, 65 డిగ్రీల సెల్సియస్ కన్నా వేడిగా ఉన్న పానీయాలు తాగడం అన్నవాహిక క్యాన్సర్‌కు బహుశా కారణం కావచ్చని ప్రకటించింది. గమనించండి, తప్పు టీది కాదు, వేడిది.

మరి టీ ఎంతసేపట్లో చల్లారుతుంది? న్యూటన్ శీతలీకరణ నియమం మీరు చదివే ఉంటారు. వస్తువు చల్లబడే రేటు, దానికీ పరిసరాలకూ మధ్య ఉన్న ఉష్ణోగ్రతా భేదానికి అనులోమానుపాతంలో ఉంటుంది. గది ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, గ్లాసులో టీ 85 డిగ్రీలు అనుకుందాం. భేదం 55. అయిదు నిమిషాల్లో టీ 70 డిగ్రీలకు దిగితే, భేదం 40 అయింది. తరువాతి అయిదు నిమిషాల్లో అదే నిష్పత్తిలో భేదం సుమారు 29కి తగ్గుతుంది. అంటే టీ దాదాపు 59 డిగ్రీలకు వస్తుంది. పది నిమిషాలు ఆగితే చాలు! అంత వ్యవధి లేనప్పుడు సాసరులో పోసుకుని తాగే పాత అలవాటు మంచిదే. ఉపరితల వైశాల్యం పెరిగి, బాష్పీభవనం ఎక్కువై, టీ త్వరగా చల్లారుతుంది.

అయితే వేడి టీ ఎదురుగా పెట్టుకుని పది నిమిషాలు ఊరికే కూర్చోవడం ఎవరికైనా కష్టమే. ఇక్కడే బల్ల మీది ఆట అక్కరకు వస్తుంది. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వేస్తాం. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే 4. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే 8. ప్రతి గవ్వ ఎటు పడటానికైనా సమాన అవకాశం ఉందనుకుంటే, మొత్తం 16 విధాలుగా పడవచ్చు. వాటిలో 1 పడేవి 4, 2 పడేవి 6, 3 పడేవి 4, చెమ్మా ఒకటి, అష్టా ఒకటి. సగటున ఒక్కో పందేనికి రెండున్నర గడులు నడుస్తాం. పులిజూదం దీనికి భిన్నం. మూడు పులులు, పదిహేను మేకలు, 23 స్థానాలు. అందులో అదృష్టానికి చోటు లేదు, అంతా ఆలోచనే. ఒక బల్ల దగ్గర సంభావ్యత, మరో బల్ల దగ్గర తర్కం!

ఇక తినుబండారాలు. మన సర్వపిండినే తీసుకోండి. బియ్యప్పిండిలో గ్లూటెన్ లేదు కనుక ముద్ద గోధుమపిండిలా సాగదు. అందుకే గిన్నె అడుగున వేళ్ళతో అద్దుతారు. మధ్యమధ్య పెట్టే రంధ్రాల గుండా నూనె అడుగుకు చేరి, పిండి కరకరలాడుతుంది. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. టీలోని పాలీఫినాల్స్ ఆకుకూరలు, పప్పుల నుంచి వచ్చే ఇనుము ఒంటబట్టకుండా అడ్డుపడతాయి. కనుక చిరుతిండితో టీ తాగినా, భోజనానికీ టీకీ మధ్య కనీసం గంట ఎడం ఉంచండి. రక్తహీనత ఉన్న ఆడపిల్లలు ఇది మరీ గుర్తుంచుకోవాలి.

ఒక టీ తాగి గంటసేపు కూర్చుంటే యజమానికి గిట్టుబాటు ఎలా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. హైదరాబాదులో అలా తీరిగ్గా కూర్చోనిచ్చిన ఇరానీ హోటళ్ళు చాలావరకు మూతపడటానికి పెరిగిన అద్దెలు ఒక కారణం. టీ మీద మిగిలేది తక్కువ. ఆట ఆడేవాళ్ళు ఆకలేసి తినే సర్వపిండి మీదే ఆ గది నిలబడాలి. ఆ పిండి ఒక ఇంటి ఇల్లాలు చేసి ఇస్తే, ఆ ఇంటికీ నాలుగు రూపాయలు వస్తాయి. ఊరుగాని ఊరిలో ఒంటరిగా ఉన్న కుర్రవాడికి ఇంటి రుచి, పక్కన పలకరించే మనిషి దొరుకుతారు. ఇలాంటి ఆటలు గుజరాత్‌లోనూ ఉన్నాయి కనుక, భాష రాకపోయినా ఎదుటివాడితో గవ్వలు వేయవచ్చు.

చివరగా మీకు రెండు ప్రయోగాలు. గ్లాసులోనూ సాసరులోనూ టీ పోసి, థర్మామీటరుతో నిమిషానికొకసారి ఉష్ణోగ్రత రాసి గ్రాఫు గీయండి. తరువాత నాలుగు గవ్వలను 160 సార్లు వేయండి. లెక్క ప్రకారం అష్టా సుమారు 10 సార్లు పడాలి. మరీ తేడా వస్తే తప్పు మీది కాకపోవచ్చు. గవ్వకు రెండు వైపులా ఒకే ఆకారం ఉండదు కదా! ఏ వైపు ఎక్కువగా పడుతోందో మీరే కనిపెట్టండి. ఈ ప్రయోగాలకు ఇంట్లో తాతయ్యనో నానమ్మనో తోడు కూర్చోబెట్టుకోండి. టీ చల్లారేలోగా వారు చెప్పే కబుర్లు మీ పాఠ్యపుస్తకంలో ఉండవు.

సెలవు.