సొరచేప ఎక్కడికి పోతుంది?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "అందరూ బడి జ్ఞాపకాలే చెప్తారు. నువ్వు ఇన్నేళ్లు చేపల లెక్కలు రాశావు కదా, పిల్లలకి కొత్త సంగతి ఏదన్నా చెప్పరా" అన్నాడు. అందుకని సొరచేపల గురించి చెప్తాను. వినగడప పిల్లలకు సొరచేపతో ఏం పని అని మీరు అడగొచ్చు. మన కట్టలేటి నీళ్లు మునేటి దారిన కృష్ణలో పడి, హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తాయి. ఏరు మోసుకెళ్లే సారంతోనే తీరంలో కంటికి కనపడని నాచు, పురుగు పెరుగుతాయి. వాటి మీద చేప బతుకుతుంది. కాబట్టి మనం మరీ అంత దూరపు వాళ్లం కాదు.

సినిమాల్లో చూపించే పెద్ద సొరను గ్రేట్ వైట్ అంటారు. పొట్ట తెల్లగా ఉంటుంది. అది కాస్త చల్లని నీళ్ల చేప. దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, అమెరికా తీరాల్లో ఎక్కువ. అది ఎటు తిరుగుతుందో తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులు చాలా ఏళ్లు తంటాలు పడ్డారు. మన ఫోన్‌లో ఉన్న జీపీఎస్ దానికి కడితే సరిపోదా అని పిల్లలు అడుగుతారు. సరిపోదు. రేడియో తరంగాలు ఉప్పునీళ్లలో సాగవు. చేప మునిగిందంటే కబురు ఆగిపోతుంది.

అందుకని మూడు రకాల ఉపాయాలు కనిపెట్టారు. మొదటిది, వీపు మీది రెక్కకు చిన్న యంత్రం బిగించడం. రెక్క నీళ్లపైకి తేలిన ఆ కాసేపట్లో అది ఉపగ్రహానికి కబురు పంపుతుంది. మన ముందు నుంచి రైలు పోయేటప్పుడు కూత స్వరం మారుతుంది కదా, అలాగే ఉపగ్రహం దగ్గరకొస్తూ, దూరమవుతూ ఉంటే ఆ సంకేతంలో వచ్చే తేడాని బట్టి చోటు లెక్క కడతారు. పదో తరగతి పిల్లలు ఈ డాప్లర్ సూత్రం గురించి మీ మాస్టారిని అడగండి. మన పొలాల్లో గేదె మెడలో గంట కడతాం. తుప్పల్లో కనపడకపోయినా చప్పుడును బట్టి వెతుక్కుంటాం. ఇదీ అలాంటి గంటే. కాకపోతే గేదె తల ఎత్తినప్పుడే మోగుతుంది.

రెండోది, ఒంటికి తగిలించే ఇంకో రకం యంత్రం. అది లోతు, చలి, వెలుతురు రాసుకుంటూ పోతుంది. చెప్పిన తేదీకి దానంతట అదే ఊడి పైకి తేలి, రాసుకున్నదంతా ఉపగ్రహానికి పంపుతుంది. ఎప్పుడు తెల్లారింది, ఎప్పుడు పొద్దుగూకింది అన్నది తెలిస్తే పగటి పొడుగును బట్టి ఉత్తర దక్షిణాలు, మిట్టమధ్యాహ్నం వేళను బట్టి తూర్పు పడమరలు సుమారుగా చెప్పొచ్చు.

మూడోది, నీళ్లలో చప్పుడు చేసే బిళ్ల. సముద్రం అడుగున అక్కడక్కడ వినే పెట్టెలు పెడతారు. సొర దగ్గరగా పోతే పెట్టెలో దాని నంబరు పడుతుంది. టోల్‌గేటు దగ్గర మన కారు ఫాస్టాగ్ లాగే. ఆస్ట్రేలియాలో కొన్ని బీచ్‌ల దగ్గర ఇలాంటి పెట్టెలు వెంటనే ఒడ్డుకు కబురు పంపుతాయి, స్నానాలు చేసేవాళ్లను బయటికి పిలుస్తారు.

ఈ ఉపాయాలతో తెలిసిన సంగతులు వింటే ఆశ్చర్యం వేస్తుంది. 2003 నవంబరులో దక్షిణాఫ్రికా తీరంలో ఒక ఆడ సొరకు యంత్రం తగిలించారు. నికోల్ అని పేరు పెట్టారు. 99 రోజుల తర్వాత ఆ యంత్రం ఆస్ట్రేలియా పడమటి తీరం దగ్గర తేలింది. అంటే హిందూ మహాసముద్రం దాటింది. 11 వేల కిలోమీటర్లు. దారిలో 980 మీటర్ల లోతుకు కూడా దిగింది. 2004 ఆగస్టులో నికోల్ మళ్లీ దక్షిణాఫ్రికాలో బయలుదేరిన చోటే కనిపించింది. యంత్రం ఊడిపోయాక నికోలే అని ఎలా గుర్తుపట్టారు? రెక్క అంచున ఉన్న గాట్లను పాత ఫొటోలతో సరిచూశారు. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

అమెరికాలో ఓసెర్చ్ అనే సంస్థ తూర్పు తీరంలో ఈ పని చేస్తోంది. 2012లో వాళ్లు ఒక పెద్ద ఆడ సొరకు రెక్క యంత్రం బిగించారు. ఆ సంస్థ పెట్టినాయన దానికి వాళ్లమ్మ పేరే, మేరీ లీ అని పెట్టుకున్నాడు. 2017 దాకా అది కబుర్లు పంపుతూనే ఉంది. 2025 జనవరిలో కంటెండర్ అనే మగ సొరకు బిగించారు. దాదాపు పద్నాలుగు అడుగులు, 750 కిలోలు. ఆ తీరంలో వాళ్లు యంత్రం బిగించిన మగవాటిలో అదే పెద్దది. చలికాలం దక్షిణాన ఫ్లోరిడా వైపు, ఎండాకాలం ఉత్తరాన కెనడా వైపు ఇవి తిరుగుతుంటాయని ఇలాగే తేలింది. దారి తెలిస్తే ఏ నెలలో ఎక్కడ వల వేయకూడదో, ఎక్కడ కాపాడాలో తెలుస్తుంది. ఆడ సొర పిల్లలు పెట్టే వయసుకు రావడానికే ముప్పై ఏళ్లు పడుతుందని వెన్నుపూసల లెక్కల్లో తేలింది. అలాంటిది ఒకటి పోతే దాని చోటు నిండడానికి ఒక మనిషి తరం పడుతుంది.

ఇక మన తీరానికి వద్దాం. మన దగ్గర పాల సొర ఉంది, బాలింతలకు వండి పెడతారు. వీటన్నిటికంటే పెద్దది తిమింగల సొర. పేరులో తిమింగలం ఉన్నా అది చేపే, ప్రపంచంలోకెల్లా పెద్ద చేప. నలభై అడుగులు దాటి పెరుగుతుంది. మనిషిని ఏమీ చేయదు. నోరు తెరుచుకుని నీళ్లు వడగట్టి చిన్న పురుగును తింటుంది. ఒళ్లంతా తెల్ల మచ్చలు. ఒక్కో చేపకు ఒక్కో వరస, మన వేలిముద్రల్లాగా. మొప్పల వెనక మచ్చలను ఫొటో తీస్తే, ఆకాశంలో చుక్కల గుంపులను పోల్చడానికి ఖగోళ శాస్త్రజ్ఞులు వాడే లెక్కతోనే ఇది ఫలానా చేప అని కంప్యూటర్ చెప్పేస్తుంది. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరంలో మత్స్యకారుల వలలో ఒకటి పడితే, అటవీ శాఖ వాళ్లు, మత్స్యకారులు కలిసి దాన్ని తిరిగి సముద్రంలోకి పంపారు. దాని ఫొటోలను మాల్దీవుల్లోని పరిశోధకులకు పంపించారు, వాళ్ల పుస్తకంలో ఉన్న చేపేమో చూడమని.

నేను ఇంత దూరం చెప్పుకుంటూ వచ్చింది ఇప్పుడు చెప్పబోయే మాట కోసం.

1990ల చివర్లో ఉత్తరాంధ్రలో ఒక రేవులో నా డ్యూటీ. ఏ పడవ ఏ చేప ఎంత తెచ్చిందో ఫారంలో రాయాలి. ఒకరోజు తెల్లవారుజామున వలలో చిక్కి చచ్చిపోయిన తిమింగల సొరను ఒడ్డుకు లాగారు. దాన్ని చంపడం నేరమని చట్టం ఇంకా రాలేదు, అది 2001లో వచ్చింది. వల చిరిగిపోయిన ముసలి మత్స్యకారుడు ఒకాయన ఇసకలో కూర్చుని ఉన్నాడు. నేను ఫారం తీయగానే అన్నాడు: "ఇది నిరుడు కూడా వొచ్చింది బావూ. తోక కొస తెగిపోయుంది సూడు. అప్పుడు వల కోసి వొదిలీసినాను."

నేను నవ్వాను. సముద్రంలో చేపను గుర్తుపట్టడమేంటి అనుకున్నాను. ఆ మాట రాయడానికి నా ఫారంలో గడి కూడా లేదు. సొర, ఒకటి, సుమారు ఇన్ని టన్నులు అని రాసి సంతకం పెట్టాను. తోక వైపు వెళ్లి చూడలేదు. ఫొటో తీయించలేదు. ఆయన పేరు కూడా అడగలేదు.

కొన్నేళ్ల తర్వాత నికోల్ కథ చదివాను. రెక్క మీది గాటు చూసి గుర్తుపట్టారని ఉంది. పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు చేసిన పనిని ఆ ముసలాయన ఫొటో లేకుండా, కళ్లతో చేశాడు. అది నిజమై ఉంటే, ఒకే చేప ఏటేటా మన తీరానికి వస్తోందనడానికి అప్పట్లోనే ఒక సాక్ష్యం దొరికేది. నిజం కాకపోయినా, చూసి కాదని రాసేవాణ్ణి. నేను రెండూ చేయలేదు. అంతకంటే నన్ను బాధపెట్టేది ఇంకోటి ఉంది. ఒక పేదవాడు తన వల తానే కోసుకుని ఆ చేపను ఒకసారి బతికించాడు. ఆ సంగతి ఏ కాగితం మీదా లేదు.

గుజరాత్‌లో తర్వాత దీనికి ఒక దారి కనిపెట్టారు. అక్కడ వెరావల్ చుట్టుపక్కల ఒకప్పుడు ఈ చేపలను కాలేయం నూనె కోసం, మాంసం ఎగుమతి కోసం వందల్లో చంపేవాళ్లు. 2004 నుంచి ప్రచారం మొదలైంది. మొరారీ బాపు ఆ చేపను పుట్టింటికి వచ్చే కూతురితో పోల్చి చెప్పారు. వల కోసి వదిలిపెట్టిన మత్స్యకారుడు ఫొటో తీసి చూపిస్తే, ప్రభుత్వం వలకు పరిహారం ఇస్తుంది. అలా వందల చేపలు ప్రాణాలతో వెళ్లాయి. 2011 నుంచి కొన్నిటికి ఉపగ్రహ యంత్రాలు కూడా కట్టారు. ఆ వెరావల్ పడవల మీద పనిచేసేవాళ్లలో మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు వేలల్లో ఉన్నారు. కాబట్టి ఆ వలలు కోసిన చేతుల్లో తెలుగు చేతులు కూడా ఉండే ఉంటాయి.

పెద్ద యంత్రాలే అక్కర్లేదు. 2021 మార్చిలో ఒడిశాలో గహిర్‌మాత తీరంలో ఒక తాబేలు రెక్కకు 03233 అనే నంబరున్న చిన్న లోహపు బిళ్ల వేశారు. 2025 జనవరిలో అది మహారాష్ట్రలో గుహాగర్ తీరంలో గుడ్లు పెడుతూ కనిపించింది. కనీసం 3,500 కిలోమీటర్లు. తీరం వెంట వచ్చి ఉంటే మన కృష్ణా ముఖం ముందు నుంచే వెళ్లి ఉంటుంది. అంత సంగతి తెలియడానికి కావాల్సింది ఒక నంబరు, దాన్ని వంగి చదివి రాసుకున్న ఒక మనిషి.

మా సైన్స్ మాస్టారు వానాకాలంలో మా చేత కట్టలేటి మట్టం రాయించేవారు. గట్టున పాతిన కర్రకు సున్నంతో గీతలు. రోజుకొకరి వంతు. ఒకరోజు నేను వెళ్లకుండానే నిన్నటి అంకె మళ్లీ రాసేశాను. ఆయన కొట్టలేదు. నోటుబుక్కు నా చేతికిచ్చి, "చూడలేదని రాయి. అది కూడా నిజమే. చూడంది రాయకు, చూసింది వదలకు" అన్నారు. మొదటి సగం జీవితమంతా పాటించాను. నా ఫారాల్లో నేను కల్పించిన అంకె ఒక్కటీ లేదు. రెండో సగం ఆ రోజు రేవులో తప్పాను.

ఆయన ఇవాళ ఈ సభలో లేరు. ఉంటే ముందు ఆయనకే ఈ సంగతి చెప్పుకునేవాణ్ణి.

పిల్లలకు నా కోరిక ఒకటే. ఆ నోటుబుక్కు మళ్లీ మొదలుపెట్టండి. కట్టలేరు మట్టం, మామిడి పూత వచ్చిన రోజు, చెరువు మీద కొంగలు వాలిన రోజు, ఏదైనా సరే. తేదీ వేయండి. ఎవరు చెప్పారో వాళ్ల పేరు రాయండి. గొర్రెలు కాసే తాత చెప్పినా రాయండి, గడి లేకపోతే గడి గీసుకోండి. దానికి కావాల్సిన పుస్తకాలు, ఒక కెమెరా ఇవాళ హెడ్మాస్టరుగారికి ఇస్తున్నాను. ఇంకో యాభై ఏళ్ల తర్వాత ఇదే బడిలో ఎవరో వాటిని తిరగేస్తారు.