సంతలో మిగిలిన చీటి

(గ్రంథాలయ మందిరమున జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠము)



స్వదేశ పరిశ్రమలనుగూర్చి నాలుగు మాటలు చెప్పుడని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. పరిశ్రమల గొప్పతనమునుగూర్చి మనము చాలినంత చెప్పుకొనియున్నాము. నేడు మేము చెప్పబోవునది ఒక పనివారి యింటి యిల్లాలు నష్టపోయిన సంగతి. అందు మా తప్పును గలదు. దానిని ముందుగా ఒప్పుకొని తక్కిన కథ నారంభింతుము.

గత సంక్రాంతికి ఈ పట్టణమున హస్తకళల సంత యొకటి జరిగినది. దాని కరపత్రముమీది పోషకుల పట్టికలో మా పేరు గలదు. నిర్వాహకులు వచ్చి యడిగిరి. సత్కార్యమే గదా యని సమ్మతించితిమి. జమాఖర్చు లెవరు వ్రాయుదురు, అద్దె సొమ్ము ఎవరి చేతిలో నుండును, అని యడుగుట మాకు తోచలేదు. చదివిగాని సంతకము చేయకుడని ఇరువదియేండ్లుగా ఒరులకు బోధించుచున్న న్యాయవాదులము, మా పేరును మాత్రము చదువకయే ఇచ్చితిమి.

కొండపల్లినుండి వచ్చిన బొమ్మలామె ఆ పేర్లను చూచియే సొమ్ము కట్టెను. ఆ బొమ్మ యెట్లు పుట్టునో మీలో ననేకు లెఱుగరు. తెల్ల పొణికి కఱ్ఱను తెచ్చి, యెండబెట్టి, సన్నని సెగపై తేమ పోగొట్టి, చేతులు కాళ్లు తల వేఱువేఱుగా చెక్కుదురు. చింతగింజల జిగురున రంపపుపొట్టు కలిపిన మక్కుతో వానిని అతుకుదురు. పైన సున్నము పూసి, ఆఱిన పిమ్మట, మేకవెండ్రుకల కుంచెతో రంగులు దిద్దుదురు. భర్త చెక్కును; రంగులు దిద్దునది ఆమె. కొండలయందు పొణికి చెట్టు అరుదగుచుండుటచే కఱ్ఱకే కరవు. అట్టి వస్తువులను మూడు నెలలు కూర్చి, దశావతారములు, ఎడ్లబండ్లు, తాడియెక్కు గీతగాండ్రు, ఒక పెద్ద అంబారీ యేనుగు, గడ్డిలో చుట్టి బండికెత్తించెను.

చేతిపనివారికి తప్ప ఇతరులకు చోటులేదని కరపత్రము చెప్పినది. వచ్చి చూడగా సగము దుకాణములలో మరబొమ్మలే! ఆమె కెదురుగానే కొండపల్లి పేరు తగిలించిన అచ్చుబొమ్మలను ముప్పాతిక తక్కువ వెలకు అమ్ముచుండిరి. 1999 నాటి చట్టముక్రింద భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మ యది; ఆ పేరుతో నకలు నమ్ముట నేరము. అడుగువారేరీ? లోనికి వచ్చువారికి రుసుము పెట్టిరి గావున జనము గేటుకడనే మరలిపోయిరి. దీపములకు వేఱుగా పైకమడిగిరి. పదిదినములన్న సంత నాలుగవనాటి రాత్రి దీపములారి ముగిసెను. నిర్వాహకుల టెలిఫోను అదియే రాత్రి మూగవోయెను.

ఆమె నోటుపుస్తకమున లెక్క స్పష్టముగ నున్నది. అద్దె 12,000, ధరావతు 3,000, దీపములకు 1,500, బండికి 2,500, వెరసి 19,000 రూపాయలు. అమ్మకము 6,300. ఈ 12,700 లోటునందు కఱ్ఱ, రంగు, ఇద్దఱి కష్టము చేరలేదు.

ఏనుగు సంగతి వేఱు. ప్రారంభోత్సవమునాడు నిర్వాహకు లామె దుకాణమునుండి దానిని తెప్పించి, వేదికపై నతిథికి బహూకరించిరి. మేమును ముందువరుసను గూర్చుండి కరతాళధ్వనులు చేసితిమి. వెల 2,400 రూపాయలు సాయంకాల మిత్తుమని చెప్పి తెచ్చిరట. ఆ సాయంకాలము నేటికిని రాలేదు.

మనకిట్టి ప్రదర్శనములు క్రొత్తవి కావు. 1901లో కలకత్తా కాంగ్రెసుతోపాటు పారిశ్రామిక ప్రదర్శనము జరిగెను. 1938లో ఉస్మానియా పట్టభద్రులు హైదరాబాదు పబ్లికు గార్డెనులలో నుమాయిషు నారంభించిరి. పనివానికి బేరము చూపుటకై పుట్టిన పద్ధతి యిది. నేడు కొందఱికి పనివాడే బేరము. వాని యద్దె ముందుగా చేతబడును. పిమ్మట ఒక్క బొమ్మ యమ్ముడుపోకున్నను వారికి నష్టమేమి?

ఆమెకడ నున్నది దుకాణపు సంఖ్య వ్రాసిన చీటి యొకటి. దానిపై పేరు లేదు, సంతకము లేదు. ఐనను త్రోవ మూసికొనిపోలేదు. సొమ్ము టెలిఫోనుద్వారా ఒకరి సొంత ఖాతాకు పోయినది. బ్యాంకు లెక్కయే సాక్ష్యము. నెరవేర్చు నుద్దేశము లేకయే చేసిన వాగ్దానము 1872 నాటి ఒప్పందముల చట్టము 17వ సెక్షను ప్రకారము మోసము. దావాకు మూడేండ్ల గడువు గలదు. 1987 నాటి న్యాయసేవల చట్టము ననుసరించి స్త్రీకి, ఆదాయమెంతయైనను, ఉచితముగా న్యాయవాదిని ఈయవలెను. లోకదాలతులో రాజీ కుదిరినచో ఆ తీర్పు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. ఈ మాటలు ఆమెకు చెప్పువారు సంతలో నొక్కరును లేకపోయిరి. పోషకులము మేమెక్కడ నుంటిమి?

ఏనుగు వెలను మేమే చెల్లింపబోతిమి. ఆమె పుచ్చుకొనలేదు. "మీరు కొనలేదు కదండీ, బాబుగారూ. తీసుకెళ్లినవాళ్లే ఇవ్వాలి" అనెను. మాకు బదులు తోచలేదు.

నోటీసు పంపియున్నాము. ఆ సంతలో సొమ్ము పోగొట్టుకొన్నవారు ఇంకను పలువురు గలరని వినుచున్నాము. వారి నెఱిగినవారు వారి చీటీలను, బ్యాంకు లెక్కలను తెప్పించి యీ గ్రంథాలయపు బల్లమీద నుంచుడు. అన్నిటిని ఒక్కటిగా దాఖలు చేయుదుము. మఱియు రాబోవు సంక్రాంతికి ఈ మందిరపు వసారాను అద్దె లేకుండ ఆ పనివారికి మూడు దినము లిచ్చుటకు కార్యవర్గమువా రంగీకరింతురా యని అడుగుచున్నాము. లెక్కల పుస్తకము గుమ్మముకడ నుండవలెను. దానిపై మొదటి సంతకము మేము చేయుదుము, ఈ సారి చదివి.