ఇయ్యని అప్పుకూ లెక్క చెప్పాల

(కుందుర్పి సభలో చేసిన ప్రసంగ పాఠం)



అప్పుకోసం బ్యాంకుకు పోయొచ్చిన మనోళ్లను ఏమైందని అడగండి. "రేపు రమ్మన్నారు" అంటారు. రేపు పోతే మేనేజరు వుండడు. ఎల్లుండి పోతే ఏదో కాగితం తక్కువంటారు. ఇంతలో వాన పడి పదును ఆరిపోతుంది. శెనక్కాయ విత్తనానికి షావుకారి గడప ఎక్కాల్సిందే. బ్యాంకు మనకు లేదన్నట్టు యాడా ఒక ముక్క రాసుండదు. రాత లేకుంటే రుజువు లేదు. రుజువు లేకుంటే అన్యాయమే జరగలేదంటారు. ఎవరికి వాళ్లం మన కర్మ అనుకుని ఇంటికొస్తాం.

ఇచ్చిన అప్పుకు బ్యాంకు దగ్గర పైసాతో సహా లెక్క వుంటుంది. ఇయ్యని అప్పుకు లెక్క యాడుంది? ఈ పొద్దు నేను అడిగేది ఇదే.

అమెరికాలో నల్లజాతి ప్రజలకూ ఇదే బాధ. అక్కడ ఇల్లు కొనాలంటే ఆ ఇంటినే బ్యాంకుకు తాకట్టు పెట్టి అప్పు తీసుకుంటారు. నల్లవాళ్ల పేటలకు ఆ అప్పు పుట్టేది కాదు. షికాగోలో గేల్ సింకోటా వంటి వాళ్లు పేటల జనాన్ని కూడగట్టి పోరాడినారు. 1975లో చట్టం వచ్చింది. ఏ పేటలో ఎంత ఇల్లప్పు ఇచ్చినారో బ్యాంకులు బయటపెట్టాల. 1988లో అట్లాంటా పత్రిక ఒకటి ఆ లెక్కలు తీసి చూసింది. ఒకే ఆదాయమున్న పేటల్లో నల్లవాళ్లకన్నా తెల్లవాళ్లకు ఐదు రెట్లు అప్పులు పోయినాయని తేలింది. మరుసటేడు, 1989లో చట్టం మార్చినారు. అడిగినవాళ్ల జాతి ఏది, ఆదాయమెంత, ఇచ్చినారా తిప్పి పంపినారా, అన్నీ రాయాల్సి వచ్చింది. లెక్క వచ్చినంత మాత్రాన వివక్ష పోలేదు. కానీ "అట్లాంటిదేమీ లేదు" అని బుకాయించే వీలు పోయింది.

మన దేశంలో బలహీన వర్గాలకు బ్యాంకులు 12 శాతం అప్పులియ్యాలని రిజర్వు బ్యాంకు నియమం. ఆ 12 శాతంలో ఎస్సీ, ఎస్టీలొక్కరే కాదు, చిన్న సన్నకారు రైతులు, పొదుపు సంఘాలు, మైనారిటీలు అందరూ వస్తారు. మాల మాదిగ వాడల గడప తొక్కకుండానే ఆ అంకె నిండొచ్చు.

ఇంకో నియమముంది. ఎస్సీ, ఎస్టీల దరఖాస్తు కాదనాలంటే బ్రాంచిలో కాదనగూడదు, పై అధికారి కాదనాల. కారణం స్పష్టంగా రాయాల. అందుకే మనల్ని దరఖాస్తు దాకా రానియ్యరు. నోటిమాటతోనే తిప్పి పంపుతారు.

కారణం రాసిస్తే దాన్ని నిలదీయొచ్చు. "డి.పట్టా భూమి తాకట్టుకు చెల్లదు" అంటారు. 1977 ఎసైన్డు భూముల చట్టంలోనే షెడ్యూల్డు బ్యాంకుకూ సహకార సంఘానికీ తాకట్టుకు మినహాయింపు వుంది. "తాకట్టేముంది?" అంటారు. 2025 జనవరి 1 నుంచి రెండు లక్షల దాకా సేద్యం అప్పుకు తాకట్టే అడగగూడదు.

కాబట్టి మూడు పనులు చేయండి. ఒకటి, నోటితో అడగొద్దు, రాసిచ్చి రసీదు తీసుకోండి. రెండు, వాడవాడకూ ఒక నోటుబుక్కు పెట్టండి. ఎవరు ఏ తేదీన ఎంత అడిగినారు, ఏమన్నారు, అన్నీ రాయండి. చదువుకున్న పిల్లోళ్లు ఆ పని చూసుకోవాల. మూడు, 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో ప్రభుత్వ బ్యాంకును అడగండి. ఈ బ్రాంచికి ఏడాదిలో ఎస్సీల దరఖాస్తులెన్ని వచ్చినాయి, ఎన్ని ఇచ్చినారు, ఎన్ని కాదన్నారు, ఏ కారణాలతో? మనుషుల పేర్లు అడగొద్దు, ఇయ్యరు. అంకెలు అడగండి. ముప్పై రోజుల్లో జవాబియ్యాల.

ఆ జవాబునూ మన నోటుబుక్కునూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. కలెక్టరు అధ్యక్షతన మూడు నెలలకోసారి జరిగే జిల్లా బ్యాంకర్ల సమావేశానికి ఆ తేడాను మనం పంపాల. ఒక్కడు పోయి అడిగితే అప్పు అడగొచ్చినాడంటారు. వాడంతా లెక్కతో పోతే జవాబు చెప్పక తప్పదు.

జై భీమ్.